నాన్న సీటు

నా మెడ తిరగడం మానేసి చాలా ఏళ్ళయింది. ఎవరైనా పక్కనుంచి పలకరిస్తే ఒళ్ళంతా తిప్పి చూస్తాను. నేను పాఠాలు చెప్పిన బడిలో పిల్లలు దాన్ని గర్వం అనుకునేవారు. నేను కాదనలేదు. నొప్పి ఉందని చెప్పుకోవడం కంటే గర్విష్ఠి అనిపించుకోవడమే నాకు సులువు.

ఆ నొప్పి ఒక కారు సీటు నుంచి వచ్చింది.

ఫిజీకి స్వాతంత్ర్యం వచ్చిన మరుసటి ఏడు మా ఊరు ద్రాసాలో నాన్న కారు కొన్నాడు. ఇంగ్లండులో తయారైన నల్ల కారు, లోపల ఎర్రతోలు సీట్లు. అప్పటికి మాకు చెరకు పొలాలు, రెండు లారీలు, ఒక కొట్టు ఉండేవి. చెరకు కొట్టే గ్యాంగుకు నాన్నే సర్దారు, పని చేయించే పెద్ద. కోత రోజుల్లో కారును గట్టు మీద ఆపి, అద్దం దించి, అందులో కూర్చునే గ్యాంగును చూసేవాడు. వంగి చెరకు నరికేవాళ్ళ ఎదుట సర్దారు వెనక్కి వాలి కూర్చోకూడదు. మా తాత నాటి నుంచీ ఉన్న పద్ధతి అది. వాలిన సర్దారు మాట గ్యాంగు వినదని అందరూ నమ్మేవారు. నాన్న ఆ పద్ధతిని పొలంలో వదిలిపెట్టి రాలేదు. బడికి వెళ్ళినా, గుడికి వెళ్ళినా కారులో అదే నడిచేది. వెనక సీట్లో నేను కాస్త వాలానంటే ముందు అద్దంలో ఆయన కళ్ళు కనిపించేవి.

"ఏరా, నడుంలో ఎముక లేదా?" అనేవాడు.

అమ్మ ఆయన పక్కన చేతులు ఒళ్ళో పెట్టుకుని నిటారుగా కూర్చునేది. ఆ కారు సీట్లకు హెడ్‌రెస్టులు లేవు. ఉన్నా మాలో ఎవరికీ తల ఆనించే ధైర్యం ఉండేది కాదు.

మా పొలాలు కౌలు భూములు. గడువు తీరాక సొంతదారులు మళ్ళీ ఇవ్వలేదు. భూమి వాళ్ళది, వాళ్ళ ఇష్టం అని ఇప్పుడు అనగలుగుతున్నాను. ఆ రోజు అనలేకపోయాను. ఇంటి రేకులు, దూలాలు విప్పి అమ్మేసి లౌటోకా పట్నంలో ఒక అద్దె ఇంట్లో దిగాం. నల్ల కారు అప్పటికే కదలడం మానేసింది. దాన్ని పాత ఇనుము కింద ఇచ్చేసే ముందు నాన్న డ్రైవరు సీటు ఒక్కటి విప్పించాడు. నేను టీచరు జీతంతో కొన్న చిన్న జపాను కారులో ఉన్న డ్రైవరు సీటు తీసేసి, ఆ స్థానంలో దీన్ని బిగించమన్నాడు.

ఆ పని చేసిన వెల్డరు ద్రాసావాడే. అతని తండ్రి మా గ్యాంగులో చెరకు కొట్టేవాడు.

"బాబూజీ, గాడీ అమ్మి కుర్చీ దాచుకునేవాణ్ణి నిన్నొక్కణ్ణే చూసినా" అన్నాడు వెల్డరు.

నాన్న నవ్వలేదు. కూలి కింద నా కారు సీటును హెడ్‌రెస్టుతో సహా అతనికే ఇచ్చేశాడు. నన్ను అడగలేదు.

ఆ తర్వాత నాన్న రెండేళ్ళు బతికాడు. ఆ రెండేళ్ళూ నా కారు ఆయనే నడిపాడు. ఆయన వెళ్ళిన ఏడాదిలోనే అమ్మ కూడా వెళ్ళిపోయింది. సీటు నాకు వచ్చింది.

మొదటిసారి అందులో కూర్చున్నప్పుడు నాన్న ఒంటి ఆకారంలోకి దిగినట్టు అనిపించింది. ఆయన నాకంటే తలకాయంత పొడుగు. తొడల దగ్గర తోలు ఆయన కొలతకు గుంట పడి ఉంది. మిట్టమధ్యాహ్నం ఎండలో కారు వేడెక్కితే కొబ్బరినూనె వాసన, చుట్ట వాసన తోలులోంచి పైకి వచ్చేవి. అన్నిటికంటే ముఖ్యం, నా వీపు మధ్యలో ఏదో గట్టిగా తగిలేది. ఎవరో అరచేయి పెట్టి ముందుకు నెడుతున్నట్టు ఉండేది. నేను దయ్యాలను నమ్మను. పాఠం చెప్పేటప్పుడు పిల్లలకు కూడా నమ్మొద్దనే చెప్పాను. అయినా కారెక్కిన ప్రతిసారీ అది నాన్న చెయ్యే అనుకున్నాను. ద్రాసా వైపు రోడ్డు ఎగుడుదిగుడు. అక్కడ ఆ చెయ్యి ఇంకా బలంగా నెట్టేది. నేను ఇంకాస్త నిటారుగా కూర్చునేవాణ్ణి.

పదిహేనేళ్ళు అలా నడిపాను. ముందు భుజాలు పట్టేశాయి, తర్వాత మెడ, ఆ తర్వాత స్టీరింగు మీద వేళ్ళు మొద్దుబారడం మొదలైంది. డాక్టరు నన్ను పరీక్షించి, బయటికి వచ్చి నా కారు చూసి, ఈ సీటు మార్చకపోతే ముందు ముందు చేతులు పనిచెయ్యవు అన్నాడు. సరేనన్నాను. అదే సీట్లో కూర్చుని ఇంటికి వచ్చాను.

మా అమ్మాయి కారు నేర్చుకున్నది కూడా ఆ సీట్లోనే. నాందీలో నర్సు ఉద్యోగం వచ్చాక కారు ఎక్కువగా తన దగ్గరే ఉండేది. ఒక రోజు డ్యూటీ అయ్యాక వచ్చి కారు దిగింది. నేను వాకిట్లో ఉన్నాను. తలుపు వేయడానికి తను మెడ తిప్పలేదు. ఒళ్ళంతా తిప్పింది.

"మెడ నొప్పా?" అన్నాను.

"లేదు నాయనా."

"ఎప్పటినుంచి?"

"లేదన్నా కదా." తడుముకోకుండా, నా కళ్ళలోకి చూస్తూ అంది. ఆ గొంతు నాది. నాకంటే ముందు నాన్నది.

ఆ వారం నాకు సరిగ్గా నిద్ర పట్టలేదు. సీటు తీసేస్తే నాన్నను ఇంట్లోంచి గెంటినట్టు. ఉంచితే అమ్మాయి మెడ పోతుంది. చివరికి శనివారం పొద్దున, ద్రాసాకు పోదాం పద, అన్నాను. అమ్మాయే నడిపింది.

వెల్డరు ఇంటి వసారాలో నా కారు సీటు గోడకు చేర్చి ఉంది. అతను అందులోనే కూర్చుని, హెడ్‌రెస్టుకు తల వాల్చి, ఎదురుగా గిన్నెలో యంగోనా వేరు పొడి నీళ్ళలో కలుపుకుంటున్నాడు. మావాళ్ళు గ్రాగ్ అనే మత్తు పానీయం అదే. నన్ను చూసి లేవలేదు.

"ఆవో మాస్టర్, బైఠో" అన్నాడు.

"సీటు కావాలి." నిలబడే అన్నాను.

"ఏ సీటు?"

"నువ్వు కూర్చున్నది."

అతను పడీపడీ నవ్వాడు. "ఇన్నేళ్ళకా? దీంట్లో కూచుని నేను తాగిన గ్రాగ్ అంతా పోస్తే నీ వాకిట్లో ఏరు పారుద్ది."

"అమ్మాయికి మెడ పట్టేసింది."

నవ్వు ఆపాడు. గేటు దగ్గర నిలబడ్డ మా అమ్మాయిని చూశాడు. తర్వాత నన్ను చూశాడు. "నీకు పట్టలేదా?"

ఒళ్ళంతా తిప్పి అమ్మాయి వైపు చూశాను.

"అచ్ఛా, ఇస్తా. ముందు నువ్వు దీంట్లో కూచో. ఒక బిలో తాగు. మా నాయన నీ నాయన ముందు ఏనాడూ కూచోలే. నువ్వు నా ఇంట్లో కూచుంటే బస్, నాకు అది చాలు."

లేచి నాకు చోటిచ్చాడు. కొబ్బరిచిప్ప బిలో నిండా పోసి అందించాడు. కూర్చుని తాగాను. నాలుక మొద్దుబారింది. నా వీపుకూ సీటుకూ మధ్య ఖాళీ అలాగే ఉంది. అతను కనిపెట్టాడు.

"ఆనుకో మాస్టర్. ఇక్కడ గ్యాంగు లేదు."

నేను ఆనుకోలేదు. అతను ఇంక పట్టుబట్టలేదు. పనిముట్లు తీసుకుని కారు దగ్గరికి వెళ్ళి, బోల్టులు విప్పి, నాన్న సీటును తెచ్చి వసారాలో బోర్లా పడేశాడు.

"దీని కడుపులో ఏముందో ఎరకా?" అన్నాడు.

తెలియదన్నాను.

"నీ నాయన చెప్పొద్దన్నాడు. ఇప్పుడు ఆయన లేడు, అమ్మ లేదు. చెప్తే ఎవరు కొడతారు?"

సీటు వెనకవైపు తోలును ఒకచోట కోసి మళ్ళీ కుట్టారు. కుట్టింది తెల్ల దారంతో. రవికెలకు అమ్మ వేసే దగ్గర దగ్గర కుట్టు అది. పదిహేనేళ్ళు ఆ కారు కడిగాను గానీ సీటు వెనక్కి ఎప్పుడూ చూడలేదు. వెల్డరు కత్తితో కుట్టు తెంపి, లోపల చెయ్యి పెట్టి లాగాడు. ఆకుపచ్చ చీర బయటికి వచ్చింది. కొబ్బరి పీచు చుట్టూ చీరను మడతలు మడతలుగా చుట్టి దిండులా చేశారు. ఏళ్ళ తరబడి నలిగి అది చెక్కలా గట్టిపడింది.

"ఆ రోజు విప్పేటప్పుడే కింది సందులోంచి చూసినా. బాబూజీ, ఇది ఏం అన్నా. నా నడుం, అన్నాడు."



నాన్న రోజంతా గట్టు మీద ఆనుకునే కూర్చున్నాడన్నమాట. దిండు లోపలి నుంచి ముందుకు పొడుచుకొచ్చి ఆయన నడుమును పట్టుకుంది. చూసేవాళ్ళకు నిటారుగా కనిపించాడు. ఆయన నడుముకు సరిపోయింది, పొట్టివాణ్ణయిన నాకు వీపు మధ్యలో తగిలింది. నేను చెయ్యి అనుకుని భయపడ్డది, భయపడుతూ దగ్గర పెట్టుకున్నది, ఆ చీర మూట.

ఆఖరి రోజుల్లో అమ్మ వంగిపోయి నడిచేది. నాన్న చూసి "నిటారుగా నడువు, సర్దారు పెళ్ళానివి" అనేవాడు.  అమ్మ నిటారుగా నిలబడడానికి ప్రయత్నించి, గోడ దాకా వెళ్ళి, మళ్ళీ వంగిపోయేది. అప్పుడు నేను నాన్న వైపే ఉన్నాను.

వెల్డరు అసలు సీటును మా కారులో బిగించాడు. అమ్మాయి కూర్చుని హెడ్‌రెస్టును తన ఎత్తుకు సరిచేసుకుని తల ఆనించింది. కళ్ళు మూసుకుని గట్టిగా ఊపిరి వదిలింది.

"బదులు ఇది ఇక్కడ వదులు" అన్నాడు వెల్డరు నాన్న సీటు చూపించి. "దీంట్లో కూచుని నేనూ సర్దారునైతా."

వద్దనడానికి నోరు తెరిచాను. మా అద్దె ఇంట్లో దాన్ని పెట్టే చోటు లేదు. అంతకంటే, మళ్ళీ ఇంటికి తెస్తే ఎప్పుడో ఒక రోజు నేనే దాన్ని కారులో బిగిస్తానని నాకు తెలుసు. ఉంచుకో, అన్నాను. చీర మాత్రం తీసుకున్నాను.

తిరుగుదారిలోనూ అమ్మాయే నడిపింది. చీర నా ఒళ్ళో ఉంది.

"నానమ్మదా?" అంది.

"అవును."

"తాతకు ఇది పెట్టింది. మరి నానమ్మ దేనికి ఆనుకునేది?"

వెంటనే చెప్పబోయాను. లౌటోకా చేరే వరకూ వెతికాను. కారులో, గుడిలో, వంటింట్లో, ఆసుపత్రి బెంచీ మీద, గుర్తున్న ప్రతి చోటా అమ్మను చూశాను. ఎక్కడ చూసినా ఆమె వెనక ఖాళీయే కనిపించింది.