క్లారినెట్‌లో పిలుపు

చిత్తూరు బ్యాండు మేళంలో క్లారినెట్ వాయించే ఆయన ఏ పాటనూ తిన్నగా వాయించేవాడు కాదు. ఎవరో ఇచ్చిన జాజ్ క్యాసెట్‌ను అరిగిపోయేదాకా విని, స్వరాన్ని వంచడం, గరగరలాడించడం, మనిషిలా మాట్లాడించడం నేర్చుకున్నాడు. బ్యాండు మాస్టరు తిడితే నవ్వేవాడు.

మా అక్క పెళ్లి ఊరేగింపులో పాట మధ్యలో ఆపేసి, వాళ్లావిడ తనను అన్నానికి పిలిచే తీరు వాయించాడు. "ఏమయ్యో, యాడుండావు?" సన్నగా పైకి లేచి, చివర కీచుమని విరిగే గొంతు. వీధంతా నవ్వింది. జనంలో ఉన్న ఆమె కొంగుతో మొహం కప్పుకుంది.

రెండేళ్లకు పూతలపట్టులో నా పెళ్లికి ఆయన్నే పిలిపించాను. ఊరేగింపు మొదలవగానే జీపులోంచి వంగి, "అన్నా, వదిన పిలుపు వాయించన్నా" అని అడిగాను.

డ్రమ్ము వాయించే మనిషి నా దగ్గరికొచ్చి మెల్లగా, "ఆయమ్మ సచ్చిపోయి మూడు నెలలాయెనప్పా" అన్నాడు.

వద్దనేలోపే ఆయన క్లారినెట్ ఎత్తాడు. అదే పిలుపు. కానీ ఈసారి ఆమె సన్నటి గొంతు కాదు. కింది స్వరాల్లో, బొంగురుగా, ఆయన గొంతు.

"ఏమ్మే, యాడుండావు?"

క్లారినెట్ నోటి నుంచి తీసి, వీధి చివరి వైపు చెవి ఒగ్గి నిలబడ్డాడు, జవాబొస్తే తర్వాతి పాట ఎత్తుకుందామన్నట్టు.