గుట్ట మీద మూడో పిలుపు

మా మనవడు ఈ ఎండాకాలం పెళ్లాన్ని తీసుకొని మంచుకొండలకు వెళ్లివచ్చాడు. చలికాలంలో జనం మంచు మీద జారడానికి పోయే ఊరట అది. ఎండాకాలం మంచూ ఉండదు, మనుషులూ పెద్దగా ఉండరు, పోయినవాళ్లు ఊరికే కొండలెక్కి దిగుతారట. "మంచు లేని మంచుకొండకు అంత దూరం పోవుడేందిరా" అని ఆటపట్టించాను. వాడు నవ్వి ఫోన్లో ఫోటో చూపించాడు. తలుపులన్నీ మూసిన పెద్ద భవంతి, ఎవరూ లేని వరండా, వెనక కొండ. అలాంటి చోటికి మేమూ సెలవులకు పోయేవాళ్లం.

మాది జనగామ. బాపుకు బజారులో కిరాణా దుకాణం. బడికి సెలవులివ్వగానే అమ్మమ్మ వచ్చి నన్ను రైలెక్కించి మానుకోటలో దింపేది. అక్కడినుంచి బండి, బండి పోలేని చోట నడక. భూపాలపల్లి దాకా అంతా ఒకటే అడవి అనేవారు. ఆ అడవిలో ఒక గుట్ట కింద సర్కారు బంగ్లా ఉండేది. చలికాలంలో పట్నం నుంచి పెద్ద పెద్ద అధికారులు పులివేటకు వచ్చి అందులో దిగేవారు. ఎండాకాలం అటు తొంగిచూసేవాడే లేడు. మా పెద్దమామ జంగ్లాత్‌లో, అంటే అడవి శాఖలో నౌకరు, ఆ బంగ్లాకు కావలి మనిషి. వంటింటి పక్క గదిలో ఆయన ఉండేవాడు, మేమూ అక్కడే దిగేవాళ్లం. వరండా గోడకు దుప్పి తలలు వరసగా ఉండేవి. వాటి గాజు కళ్లు చూడకుండా తల వంచుకొని నడిచేదాన్ని.

పొద్దున లేస్తే గుట్ట ఎక్కడమే పని. అమ్మమ్మ, ఇద్దరు మామలు, నేను. చిన్నమామ జనగామలో మా ఇంట్లోనే ఉండి చదువుకునేవాడు, నాకు సావాసగాడు. దారిలో మొర్రిపళ్లు, తునికిపళ్లు ఏరుకునేవాళ్లం. చిన్నమామ తునికిపళ్ల తొడిమలు తీసి మోదుగాకులో పెట్టి ఇచ్చేవాడు నాకు. మా అమ్మ కూడా అంత గారాబం చేయలేదు.

అమ్మమ్మకు అడవిలో ఒక పట్టింపు ఉండేది. "ఒక్కసారి పిలిస్తె పలుకొద్దు బిడ్డా. రెండుసార్లు పిలిచినా పలుకొద్దు. మనిషైతె మూడోసారి పిలుస్తడు. గదైతె పిలువదు" అనేది. గది అంటే అది. ఆ అది ఏమిటో ఎన్నడూ చెప్పలేదు. ఎంత అడిగినా "గదే" అని ఊరుకునేది. బండల వెనక దాక్కొని మమ్మల్ని పిలిచి పరీక్ష పెట్టేది. నేను మొదటి పిలుపుకే "ఆఁ" అని దొరికిపోయేదాన్ని. చిన్నమామ మాత్రం నా నోరు మూసి, ఊపిరి బిగబట్టి నిలబడి, మూడోదానికి "ఏందవ్వా" అని పలికేవాడు. గుట్ట పైన ఒక బండ మీద నిలబడి అరిస్తే ఎదురు గుట్ట అదే మాట తిరిగి అనేది. "గీ గుట్టకు బుద్ధి లేదు, మొదటిసారికే పలుకుతది" అని అమ్మమ్మ తిట్టేది.

తర్వాత చిన్నమామ చదువు మానేసి, నిజాం మీద కొట్లాడే సంగంలో కలిశాడు, తుపాకీ పట్టి అడవిలోకి పోయాడు. నిజాం రాజ్యం పోయింది, మిలిటరీ వచ్చింది, అడవిలో తుపాకులు మాత్రం ఆగలేదు. ఆయన ఉన్నాడో లేడో చెప్పేవాళ్లు లేరు. మిలిటరీ వచ్చాక వచ్చిన ఎండాకాలం మా అమ్మ పోవద్దని ఏడ్చినా అమ్మమ్మ వినలేదు, నన్ను వెంటబెట్టుకొని బయలుదేరింది. పిల్ల వెంట ఉంటే సెలవులకు పోతున్నట్టు ఉంటుంది, కొడుకు కోసం పోతోందని ఎవరికీ అనుమానం రాదని ఆమె లెక్క. పెద్దయ్యాక ఆ సంగతి అర్థమై చాలా రోజులు ఆమె మీద కోపంగా ఉన్నాను.

బంగ్లాకు చేరిన మర్నాడు తెల్లారి తలుపు తీస్తే గడప మీద మోదుగాకు, అందులో తొడిమలు తీసిన తునికిపళ్లు. చుట్టూ ఎవరూ లేరు, ఆకు మీద తడి ఇంకా ఆరలేదు. అమ్మమ్మ ఒక పండు నోట్లో వేసుకొని, ఆకును పొయ్యిలో పెట్టింది. పెద్దమామ గోడవైపు తిరిగి నిలబడ్డాడు.

ఆ మధ్యాహ్నమే మిలిటరీ వచ్చింది. జమేదారు, ఆయన కింద కొందరు సిపాయిలు, వాళ్లలో తెలుగు వచ్చిన కోస్తా మనిషి ఒకడు. "మీ అబ్బాయి ఈ గుట్ట మీదే ఉన్నాడని తెలిసిందమ్మా. మీరొకసారి పిలవండి. తల్లి పిలిస్తే రాకుండా ఉంటాడా? మేం ఏమీ చెయ్యం" అన్నాడు చాలా మర్యాదగా. పెద్దమామను బంగ్లాలో కూర్చోబెట్టి, అమ్మమ్మను, ఆమె చెయ్యి వదలని నన్ను గుట్ట ఎక్కించారు. సిపాయిలు తుపాకులతో పొదల్లో పడుకున్నారు.

బండ మీద నిలబడి అమ్మమ్మ పిలిచింది. "ఓ కొడుకా..."

గుట్ట "కొడుకా" అంది. ఎండలో ఒక్క పిట్ట లేదు, ఆకు కదలడం లేదు. మళ్లీ పిలిచింది. ఈసారి మాట ఆలస్యంగా వచ్చింది. అవతల గుట్ట మీద ఇంకో తల్లి నిలబడి తన కొడుకును పిలుస్తున్నట్టు అనిపించింది. ఎక్కడో దగ్గరలోనే ఎవరో ఊపిరి బిగబట్టి ఉన్నారని నాకు తెలుస్తూనే ఉంది. మూడోది, మూడోది అని నా గుండె కొట్టుకుంటోంది. అమ్మమ్మ గోళ్లు నా మణికట్టులో దిగాయి.

ఆమె బండ మీద కూలబడి, ఊడిన కొప్పు ముడి వేసుకుంది.

"మరోసారి పిలవమంటున్నారమ్మా" అన్నాడు కోస్తా సిపాయి.

"గుట్ట పలికింది గని వాడు పలుకలే. గీడ ఉంటె తల్లికి పలుకడా? ఇంకెన్నిసార్లు పిలువాలె?" అంది.

జమేదారు ఆమె ముఖంలోకి చూసి, పొదల్లోని సిపాయిలను లేచి దిగమని సైగ చేశాడు. దిగుతూ వెనక్కి చూశాను. గాలి లేకుండానే బండ పక్క పొదలో ఒక కొమ్మ ఊగి ఆగింది. మర్నాడు గడప మీద పళ్లు లేవు. జనగామ చేరాక మణికట్టు మీద గాట్లు అమ్మకు చూపించలేదు.

కొంతకాలానికి పోరాటం ఆగింది. అడవుల నుంచి, జైళ్ల నుంచి గడ్డాలు పెరిగిన మనుషులు ఇళ్లకు వచ్చారు. చిన్నమామ రాలేదు. చనిపోయాడని కూడా ఎవరూ చెప్పలేదు. ఎండాకాలం రాగానే అమ్మమ్మ మళ్లీ బయలుదేరింది. ఈసారి నేనే ఆమెను వదలలేదు.

పెద్దమామతో కలిసి ముగ్గురం బండ ఎక్కాం. సిపాయిలు లేరు, తుపాకులు లేవు. అమ్మమ్మ పిలిచింది, గుట్ట పలికింది. మళ్లీ పిలిచింది, గుట్ట పలికింది. అక్కడితో ఆగిపోయింది.

"ఇంకోసారి పిలువవ్వా. ఇప్పుడు ఎవలకు భయం?" అన్నాడు పెద్దమామ ఏడుస్తూ.

అమ్మమ్మ తల అడ్డంగా ఊపింది. "మూడోసారి పిలిచినంక గూడ పలుకకపోతె?" అంది.

ఆమె బతికి ఉన్నన్నాళ్లూ ప్రతి ఎండాకాలం ఆ గుట్ట ఎక్కి, రెండుసార్లు పిలిచి దిగివచ్చేది. నేను పక్కన నిలబడి మూడోది నోట్లోనే మింగేదాన్ని.