మిట్టమధ్యాహ్నపు మోత

పల్నాడు జిల్లా ఏర్పడిన మరుసటి వేసవిలో, నా పదవీ విరమణకు కొద్ది నెలల ముందు, మాచర్ల వైపు ఒక సోలార్ ప్లాంటు మీద తీసే డాక్యుమెంటరీకి నన్ను వేశారు. మా ప్రసార కేంద్రంలో నేను సీనియర్ సౌండ్ రికార్డిస్టును. ఈ విభాగంలో ఆడవాళ్లం తక్కువ. కెమెరామన్ కంటికి కనిపించేది పట్టుకుంటాడు. మాటలు, గాలి, బండ్ల చప్పుడు, ఆఖరికి ఖాళీ గదిలోని నిశ్శబ్దం కూడా పట్టడం మా పని. నిశ్శబ్దం ఎందుకని చాలామంది అడుగుతారు. ఎడిటింగులో రెండు మాటల మధ్య ఏమీ లేకుండా వదిలేస్తే అతుకు తెలిసిపోతుంది. ఆ గది నిశ్శబ్దాన్నే తెచ్చి అక్కడ పరుస్తాం.

ప్రొడ్యూసర్ వసుంధర నాకంటే చిన్నది, పట్టుదల మనిషి. సౌర విద్యుత్తును ఆకాశానికెత్తే సినిమాలూ, అది భూములు మింగేస్తోందనే సినిమాలూ చూసి చూసి విసిగిపోయి ఉంది. మన సినిమాలో మనుషులు మాట్లాడాలి, వ్యాఖ్యానం తక్కువ ఉండాలి అని దారి పొడవునా చెబుతూనే వచ్చింది.

ప్లాంటు మేనేజరు మర్యాదస్తుడు. పొగ లేదు, బూడిద లేదు, చప్పుడు లేదు అన్నాడు. మెట్ట చేలు కౌలుకిచ్చిన రైతులు ఏటా నిలకడగా వచ్చే కౌలు గురించి సంతోషంగానే చెప్పారు. వాళ్ల మాటల్లో నటన కనిపించలేదు.

కంచె పక్కన నాపరాళ్ల కప్పు వేసిన ఇల్లొకటి ఉంది. మేం సామాను సర్దుకుంటుంటే ఆ ఇంటామె మస్తాన్‌బీ వచ్చి నన్ను పిలిచింది. “మొగోళ్లను తర్వాత రమ్మందాం. ముందు నువ్వు లోపలికొచ్చి విను అక్కా” అంది.

వెళ్లాను. లోపలి గదిలో ఆమె భర్త సుభాని మంచం మీద కళ్లు తెరుచుకుని పడుకుని ఉన్నాడు. అతను సిమెంటు లారీ డ్రైవరు. రాత్రంతా బండి నడిపి పగలు నిద్రపోవాలి. గోడ అవతల ఇన్వర్టర్ల గది. సోలార్ పలకల్లో పుట్టిన కరెంటును లైన్లకు పనికొచ్చే కరెంటుగా మార్చే యంత్రాలవి. అవి వేడెక్కకుండా పెద్ద ఫ్యాన్లు తిరుగుతాయి. ఎండ ముదిరేకొద్దీ వాటి మోత పెరుగుతుంది, పొద్దుగూకితే ఆగిపోతుంది. ఊరందరికీ అది ఇబ్బంది కాదు. పగలు నిద్రపోయేవాడికి మాత్రం సరిగ్గా అదే వేళ.

“మొన్న నడికుడి కాడ కన్ను మూతబడి లారీ రోడ్డు దిగింది. దేవుడి దయ, అక్కడ ఎవురూ లేరు” అని చెప్పింది.

వసుంధరనూ కెమెరామన్నూ లోపలికి పిలిచి ఆమె మాటలు రికార్డు చేస్తుండగా సుభాని తమ్ముడు ఖాసిం పరుగున వచ్చాడు. అతను అదే ప్లాంటులో పలకలు కడిగే పనిలో ఉన్నాడు. “ఇది తీసెయ్యండి మేడమ్. మా వాళ్లే చెప్పారని తెలిస్తే నా పని పోద్ది” అన్నాడు. నా వైపే చూస్తూ అన్నాడు, వదిన వైపు చూడలేదు.

మస్తాన్‌బీ లేచి నిలబడింది. “నీ పని పోద్దని మీ అన్న ప్రాణం పోవాలంటావా?”

ఖాసిం గడపలోనే కూలబడ్డాడు. అన్నదమ్ములిద్దరి కుటుంబాలదీ ఒకే పొయ్యి. వసుంధర అతని పక్కన కూర్చుని, ప్రసారానికి ముందు ఇక్కడే మొదట వాళ్లింటికి, తర్వాత ఊరందరికీ చూపిస్తామనీ, వాళ్లు వద్దంటే ఈ భాగం తీసేస్తామనీ మాటిచ్చింది. నేను మైకును సుభాని తలగడ దగ్గర పెట్టాను. మస్తాన్‌బీ గొంతు పట్టిన స్థాయి మార్చకుండా, అదే స్థాయిలో ఆ మోతను పట్టాను.

అసలు తగువు మిక్సింగులో వచ్చింది. మిక్సింగంటే మాట, సంగీతం, పరిసరాల శబ్దం ఏది ఎంత వినిపించాలో తేల్చే దశ. వసుంధర మోతను పెంచమంది. ప్రేక్షకుడికి ఆ నరకం తెలియాలి అని ఆమె వాదన. మా విభాగాధిపతి మాత్రం అది మాట వెనక రొద, ఫిల్టరు వేసి తీసెయ్యమన్నాడు. మామూలుగా మేం చేసేదీ అదే. నేను రెండింటికీ ఒప్పుకోలేదు. ఆ గదిలో ఎంత ఉందో అంతే ఉంచుదాం అన్నాను. టీవీలో ఎవరికీ వినపడదని వసుంధరకు కోపం వచ్చింది. అయితే ఆ దృశ్యానికి ముందున్న సంగీతం తీసెయ్యి, చెవి ఖాళీ అయితే అదే వినపడుతుంది అన్నాను. విసుగ్గానే తీసి చూసింది. ఇంకోసారి వెయ్యమంది. తర్వాత పెంచమని అడగలేదు.

మాటిచ్చినట్టే ముందు ఆ ఇంట్లో చూపించి, ఖాసిం అయిష్టంగానే సరేనన్నాక పంచాయతీ ఆఫీసులో సినిమా వేశాం. మేనేజరూ వచ్చాడు. ఖాసిం గుమ్మం దగ్గరే నిలబడ్డాడు. సుభాని పడుకున్న దృశ్యం రాగానే ముందు వరసలోని ఒక పెద్దాయన, “ఏందిది, ఈ మాత్రం చప్పుడు మా ఇంట్లో ఫ్యానూ చేసిద్ది” అన్నాడు. నవ్వులు లేచాయి.

మస్తాన్‌బీ కూర్చున్న చోటు నుంచే జవాబిచ్చింది. “మీ ఫ్యాను మీరు ఆపుకుంటారు బాబాయ్. దీన్ని నేనెట్టా ఆపేది?”

సినిమా అయిపోయాక మేనేజరు నా దగ్గరికొచ్చి, సినిమా కోసం శబ్దం పెంచారా అని అడిగాడు. వచ్చి వినమన్నాను. అప్పుడు మిట్టమధ్యాహ్నం. ఆయన్ను సుభాని పడుకునే గదిలోకి తీసుకెళ్లి, చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టి మా రికార్డింగు వినిపించాను. తర్వాత వాటిని తీసి ఊరికే నిలబడమన్నాను. ఆయన ఒకసారి గోడ వంక, ఒకసారి మంచం వంక చూశాడు. “అంతే ఉంది మేడమ్” అన్నాడు.

ఆ తర్వాత, మా వెనకే వచ్చి ఆ ఇంటి గుమ్మం దగ్గర ఆగిన ఖాసింను పిలిచి, ఇంత కాలం నాకెందుకు చెప్పలేదయ్యా అని అడిగాడు. ఖాసిం తల వంచుకుని, “భయమేసింది సార్” అన్నాడు. దాంతో ఆ ఇంట్లో మా సినిమా మీద మిగిలిన భయం కూడా తీరిపోయింది.

వానలు మొదలయ్యేలోగా ఫ్యాన్ల గాలి బయటికొచ్చే వైపును అటు చేల దిక్కుకు తిప్పారు. ఇంటి వైపు ఎత్తుగా గోడ కట్టారు. ఖాసిం పని పోలేదు. నేను ఫోన్ చేస్తే మస్తాన్‌బీ, “పూర్తిగా పోలా అక్కా, కానీ మనిషి నిద్రపోతన్నాడు. ఇప్పుడాయన గురకే మాకు చానా ఇబ్బందిగా ఉంది” అని నవ్వింది.

సినిమా ప్రసారమయ్యాక, సౌర విద్యుత్తుకు వ్యతిరేకంగా తీశారని కొందరు, ప్లాంటుకు ప్రకటనలా ఉందని ఇంకొందరు ఫోన్లు చేశారు. వసుంధర రెండు రకాలవాళ్లకూ సంతోషంగానే జవాబు చెప్పింది.

శుభ్రమైన కరెంటు కావాలా వద్దా అన్న చర్చలో సౌండ్ రికార్డిస్టు తేల్చగలిగేది ఏమీ లేదు. మోత పెంచి ఉంటే, మేనేజరు దాన్ని కాదని వెళ్లిపోయేవాడు. తీసేసి ఉంటే, మస్తాన్‌బీ దగ్గర చూపించడానికి ఏమీ మిగిలేది కాదు. ఉన్నది ఉన్నంతే వినిపిస్తే, ఆ శబ్దం ఉందా లేదా అన్న వాదన అక్కడితో ముగుస్తుంది, దాన్ని ఏం చేయాలన్న మాట మొదలవుతుంది. నా ఉద్యోగం అంతవరకే.