బలపరిచేవారు ఉన్నారా

ఆసుపత్రి లాండ్రీలో ఆమెను అందరూ పెద్దక్క అంటారు. వార్డుల నుంచి వచ్చే మాసిన దుప్పట్ల మూటలు విప్పి, రక్తం అంటినవి ఒకపక్కకు, మామూలువి ఒకపక్కకు వేరు చేయడం ఆమె పని. మరిది పెళ్ళయ్యాక, తోడికోడలు ఇంట్లో ఖాళీగా ఉంటోందని సూపర్‌వైజరును బతిమాలి ఆ పనిలో పెట్టించింది ఆమే. దుప్పటి మడత నలగకుండా పెట్టడం నేర్పిందీ ఆమే. ఏడాది తిరక్కుండా ఆ పిల్ల లాండ్రీ మొత్తానికి చిన్నక్క అయి కూర్చుంది. అక్కడితో ఆగినా బాగుండేది. యూనియన్ మీటింగులో ఆమె లేచిందంటే గుసగుసలు ఆగిపోయేవి. ఇంట్లో అత్తగారైతే, "చిన్నదాని మాటతీరే వేరు" అని మురిసిపోయేది. పెద్దదాని మాటతీరు గురించి ఆవిడ ఇన్నేళ్ళలో ఒక్క ముక్క అన్న పాపాన పోలేదు.

ఆ మూటల్లో సూదులు వస్తుంటాయి. వార్డులో ఎవరో హడావిడిలో మంచం మీద వదిలేసిన ఇంజక్షన్ సూది, దుప్పట్లో చుట్టుకుని లాండ్రీకి చేరుతుంది. అలాంటిదొకటి పెద్దక్క చూపుడువేలిలో దిగింది. ఏ జబ్బు అంటుకుందోనని రక్తపరీక్షల చుట్టూ తిరిగినన్నాళ్ళూ ఆమె పిల్లల కంచాలు ముట్టుకోలేదు. దుప్పట్లు వార్డులోనే విదిలించి, చూసి పంపాలని అప్పటి నుంచి మొత్తుకుంటూనే ఉంది. దాన్ని తీర్మానంగా రాసి మహాసభదాకా తీసుకెళ్ళింది మాత్రం చిన్నక్క. తీర్మానం ప్రవేశపెట్టేది చిన్నక్క, బలపరిచేది పెద్దక్క అని శాఖ కార్యదర్శి తేల్చేశాడు.

"నువ్వు పక్కనుంటే నాకు ధైర్యమక్కా" అంది చిన్నక్క.

"నీకు ధైర్యం తక్కువైందా ఏంటి" అని పెద్దక్క మూతి తిప్పుకుంది.

ఏడాదంతా యూనియన్ దేనికోసం పోరాడాలో ఆ మహాసభలోనే తేలాలి. ముందు జీతాలా, ముందు ఖాళీ పోస్టులా అని పొద్దున్నుంచీ హాలు దద్దరిల్లుతోంది. అధ్యక్షుడు ఒకప్పటి బస్సు డ్రైవరు. సభను కూడా బస్సులాగే నడుపుతున్నాడు, ఆలస్యమైనవాళ్ళ కోసం ఆగడు. బలపరిచేవాళ్ళు లేని తీర్మానం ఓటింగుకు కూడా రాకుండా పడిపోతుంది.

చిన్నక్క వేదిక ఎక్కింది. "మా అక్క వేలికి సూది దిగింది" అని మొదలుపెట్టి, పిల్లల కంచాల సంగతితో సహా చెప్పేసింది. హాలు చడీచప్పుడు లేకుండా వింది. అది వంటింట్లో కళ్ళనీళ్ళు పెట్టుకుని పెద్దక్క ఆమె ఒక్కదానికే చెప్పుకున్న సంగతి. బలపరిచేటప్పుడు తన నోటితో తనే చెబుదామని దాచుకున్నది. చప్పట్లు ఎంతకీ ఆగలేదు. సూది గుచ్చుకున్నది తనకి, చప్పట్లు దానికి. పెద్దక్క ఒళ్ళు భగ్గున మండింది.

"బలపరిచేవారు ఉన్నారా?" అన్నాడు అధ్యక్షుడు.

పెద్దక్క లేవలేదు. తీర్మానం పడిపోవాలని ఆమెకు లేదు, రేపు మళ్ళీ ఆ మూటలు విప్పాల్సింది తనే. శాఖ మీటింగుల్లో కార్యదర్శి మూడుసార్లు అడుగుతాడు. ఇక్కడా అంతేలే, మూడోసారికి లేద్దాం, అందాకా ఆ మహాతల్లిని అక్కడ నిలబడనీ అనుకుంది.

"బలపరిచేవారు?"

వేదిక మీది నుంచి చిన్నక్క ఇటే చూస్తోంది. ఆ చూపు పెద్దక్కకు ఎంత హాయిగా ఉందో చెప్పలేం.

"ఎవరూ లేరు కాబట్టి ఈ తీర్మానం..."

ఇక్కడ రెండుసార్లే అడుగుతారని పెద్దక్కకు అప్పుడు అర్థమైంది. ఇప్పుడు లేస్తే ఇందాక ఎందుకు లేవలేదంటారోనని కుర్చీకి అతుక్కుపోయింది.

"అధ్యక్షులవారూ, ఒక్క నిమిషం" అంది చిన్నక్క. "బలపరిచేది మా అక్కేనండి. రోజంతా నిలబడి చేసే పని కదా, మోకాళ్ళు పట్టేసి లేవలేకపోతోంది. మైకు ఆమె దగ్గరికే పంపించండి."

హాలంతా వెనక్కి తిరిగి అయ్యో అన్నట్టు చూసింది. మైకు చేతులు మారుతూ వచ్చింది. చెప్పాలనుకున్నవన్నీ చిన్నక్క చెప్పేసింది, పెద్దక్కకు ఒక్క మాటే మిగిలింది.

"బలపరుస్తున్నాను."

తీర్మానం గెలిచింది, ఆ ఏడాది మొదట పోరాడాల్సినవాటిలో చేరింది. సభ ముగిశాక చిన్నక్క వచ్చి భుజం అందించింది. ఎవరో తలుపు తెరిచి పట్టుకున్నారు, ఎవరో జాగ్రత్తమ్మా అన్నారు. రాయిలాంటి మోకాళ్ళున్న మనిషి, తోడికోడలి మీద వాలి అందరి ముందూ కుంటుకుంటూ మెట్లు దిగింది.

"మూడోసారికి లేద్దామనే అనుకున్నా" అంది పెద్దక్క గొణుగుతూ.

"నాకు తెలుసక్కా."

"ఇంకెంతదూరం కుంటాలి?"

"బస్టాపుదాకా. మనవాళ్ళంతా వెనకే వస్తున్నారు."

పెద్దక్క ఇంకాస్త గట్టిగా ఆ భుజం పట్టుకుని కుంటింది. తప్పు చేసింది తనేనని తెలుసు, పరువు కాపాడింది చిన్నదేనని తెలుసు. అయినా ఆ మోకాళ్ళ మాట తనకు ఎందుకు తట్టలేదా అనే ఆమె కడుపు రగిలిపోతోంది.