గట్టెక్కగానే అద్దాలు

అమ్మా నేనూ ఇవాళ బతికున్నామంటే అది అమలాపురంలో నాకు కారు నేర్పిన మాస్టారి చలవే. కారు కాలువ గట్టెక్కగానే ఆయన ఏసీ ఆపించి, అద్దాలన్నీ దింపించేవారు. దుమ్మని నేను విసుక్కుంటే, "దుమ్ముదేవుందండీ, కడుక్కుంటే పోద్ది. నీళ్లలో పడితే తలుపులు రావండి, కిటికీయే దారి" అనేవారు. పద్దెనిమిదేళ్ల నాకు నవ్వొచ్చేది.

లైసెన్సు వచ్చిన నెలకే అమ్మను ఎక్కించుకుని కొత్తపేట బయల్దేరాను. గట్టు మలుపులో వేగం తగ్గించలేదు. ఎదురొచ్చిన బైకును తప్పించబోయి కారును కాలువలోకి పోనిచ్చాను. తలుపులు ఎంత తోసినా రాలేదు. బెల్టులు విప్పుకుని, అలవాటుగా దింపి ఉంచిన కిటికీల్లోంచి బయటపడ్డాం. గట్టు మీదివాళ్లు మమ్మల్ని పైకి లాగారు.

మర్నాడు మాస్టారు మా ఇంటికి వచ్చారు. ఇక స్టీరింగు ముట్టనని ఏడ్చాను. ఆయన తన కారు తాళం నా చేతిలో పెట్టి, "భయాన్ని ముదరనివ్వకూడదండి. ఆ గట్టు మీదికే వెళ్దారి, మెల్లగా పోనివ్వండి" అన్నారు.

"మీరు పక్కనే ఉంటారా మాస్టారూ?"

"ఆయ్, ఉంటానండి."

ఆ మలుపు దాటి కొత్తపేట దాకా నడిపాను. దిగాక చూస్తే, ఆయన చొక్కా చెమటతో పూర్తిగా తడిసిపోయి ఉంది.