పుస్తకం మీద సుగుణ పేరు

నాలుగేళ్ల నుంచి ఒక మాట గొంతులో ముల్లులా ఉండిపోయిందండి. మింగలేను, కక్కలేను. ఐదో తరగతి దాకా చదివినదాన్ని, ఇలా కూర్చుని రాయడం ఇదే మొదలు. తప్పులుంటే ఉండనివ్వండి. మీరెవరో నాకు తెలీదు. అందుకే చెప్పగలుగుతున్నానేమో.

ఇక్కడ అమెరికాలో, ఐసెలిన్ ఊళ్లో ఓక్ ట్రీ రోడ్డు మీద ఒక మనవాళ్ల హోటల్ వంటింట్లో చేరాను, వచ్చిన కొత్తలో. అక్కడే సుగుణ. నాకన్నా ఆరేళ్లు చిన్నది. ఇద్దరం ఒకే తెలుగు చర్చికి వెళ్తాం. చదువు ఇద్దరికీ అంతంతే. ఎవరైనా కస్టమర్ వంటింటి వైపు వచ్చి ఇంగ్లీష్‌లో ఏదైనా అడిగితే ఇద్దరం ఫ్రిజ్ వెనక్కి పోయేవాళ్లం.

చివరికి సిగ్గు చంపుకుని లైబ్రరీలో ఫ్రీ ఇంగ్లీష్ క్లాసులో చేరాం. మధ్యాహ్నం, హోటల్ ఖాళీగా ఉండే టైములో. టీచరమ్మ పెద్దావిడ, అమెరికన్. ఇద్దరిద్దర్ని జత చేసింది. రోజూ మూడు వాక్యాలు ఫోన్‌లో రికార్డ్ చేసి జతకీ, టీచరమ్మకీ పంపాలి. నా జత సుగుణ. అట్టు తిరగేస్తూ కూడా గొణుక్కునేది. తప్పు మాట్లాడినా ఆగేది కాదు. నేను ఆగిపోయేదాన్ని.

మూడు నెలలకి టీచరమ్మ సుగుణని వచ్చే నెల నుంచి పై క్లాసుకి వెళ్లమంది. నన్ను ఇక్కడే ఇంకొన్నాళ్లు ఉండమంది.

మండిందండి నాకు. ఎందుకు మండింది? అదేం నా అన్నం లాక్కుందా?

ఆ తర్వాతి మంగళవారం సుగుణకి జ్వరం. పనికీ రాలేదు, క్లాసుకీ రాలేదు. అయినా పొద్దున్నే రికార్డింగ్ పంపింది. ఉల్లిపాయలు తరుగుతున్నాం, ఐదారుగురం. నేను స్పీకర్‌లో పెట్టాను.

"మై నేమ్ ఈజ్ సుగుణ. ఐ కుక్ ఫర్ టూ హండ్రెడ్ పీపుల్. ఐ యామ్ నాట్ అఫ్రైడ్."

గ్రైండర్ దగ్గరుండే మూర్తి అందుకున్నాడు. "అబ్బో, మేడమ్ గారికి భయం లేదంటండోయ్! రేపట్నించి ఇడ్లీలు కూడా ఇంగ్లీష్‌లోనే ఉడుకుతాయి!"

పగలబడి నవ్వారు. మళ్లీ పెట్టమన్నారు. మళ్లీ పెట్టాను. అందరికన్నా గట్టిగా నవ్వింది నేనే.

గురువారం సుగుణ పనిలోకొచ్చింది. "నాట్ అఫ్రైడ్ మేడమ్, ఆ సాంబారు ఇటివ్వండి" అన్నాడు మూర్తి. దాని మొహం పాలిపోయింది. నన్ను పక్కకి లాక్కెళ్లింది.

"అక్కా, అది నీకూ టీచరమ్మకే కదా పంపాను. వీళ్లకెలా తెలిసింది?"

"మొన్న టీచరమ్మ క్లాసులో పెట్టి వినిపించింది. మూర్తి పెళ్లాం మన క్లాసేగా, ఇంట్లో చెప్పుంటది."

"నవ్వారా?"

"నవ్వారు."

"టీచరమ్మ కూడానా అక్కా?"

"ఆవిడ కూడా."

అంత తేలిగ్గా ఎలా వచ్చింది నాకు? ఇంగ్లీష్‌లో ఒక్క వాక్యానికి నాలుక మడతపడేది, తెలుగులో అబద్ధం ఇలా జారిపోయింది.

సుగుణ మళ్లీ క్లాసుకి రాలేదు. టీచరమ్మ రెండుసార్లు అడిగింది. "షీ బిజీ" అన్నాను. పాపం ఆవిడ పై క్లాసు పుస్తకం మీద సుగుణ పేరు రాసి, ఇవ్వమని నా చేతికిచ్చింది. నేనివ్వలేదు. ఆ పేరు మీద స్టిక్కర్ అంటించి, నేనే చదువుకున్నా.

ఇప్పుడు నేను కౌంటర్‌లో ఉంటాను. సుగుణ ఇంకా పొయ్యి దగ్గరే. కిందటేడు చర్చిలో లేచి సాక్ష్యం చెప్పాను, ఈ వయసులో నాకు ఇంగ్లీష్ నేర్పిన దేవుడికి స్తోత్రం అని. అందరికన్నా గట్టిగా ఆమెన్ అంది సుగుణే. అప్పుడైనా నోరు తెరవొచ్చుగా? దేవుడి ముందు నిలబడి కూడా నాటకమేనా?

పోయిన వారం భుజం నొప్పని డాక్టర్ దగ్గరికి నన్ను తోడు తీసుకెళ్లింది. ఎక్కడ నొప్పి అని డాక్టర్ దాన్నే అడిగాడు. తలొంచుకుని నా వైపు చూసింది. "నువ్వు చెప్పక్కా. నాకు రాదు కదా."

ఒళ్లంతా మండిపోయింది. దాని మీద కూడా కోపమే. ఎందుకు నమ్మావే నన్ను? ఒక్కసారి వెళ్లి టీచరమ్మని అడిగుంటే ఏం పోయేది? మళ్లీ నా మీద నాకే అసహ్యం. అక్క అనుకుంది, నమ్మింది. దాని తప్పేముంది?

ఇన్నేళ్లలో మా ఇంగ్లీష్‌కి అమెరికా వాళ్లెవరూ ఎదురుగా నవ్వలేదండి. నవ్వింది మేమే. తోటివాళ్లం. అందులో ముందు నేను.

ఇవాళ ఆ స్టిక్కర్ గోరుతో గీకాను. సగం ఊడింది. కింద టీచరమ్మ రాత కనిపిస్తోంది. సుగుణకి ఈ పుస్తకం ఇస్తే ఎక్కడిదని అడుగుతుంది. అడిగితే చెప్పాలి. ఇంకా ఇవ్వలేదు, ధైర్యం చాలడం లేదు. నన్ను క్షమించమని మిమ్మల్ని అడగను, అది మీ చేతిలో లేదు.

సుగుణ గొంతు అందరికీ వినిపించి నవ్వించింది నేనే. ఈ ఒక్క వాక్యం రాయడానికి నాకు నాలుగేళ్లు పట్టింది.