ఖాళీ కుర్చీకి వేసిన ప్రశ్నలు

సీనియర్ న్యాయవాది సుభద్రగారు మొన్న మంగళవారం ఉదయం ఎల్బీనగర్‌లోని స్వగృహంలో హృద్రోగంతో కన్నుమూశారు. ఆ దుర్వార్త విన్న దిగ్భ్రమలో, ఏం చేయాలో అడుగుదామని ఆమె నంబరుకే ఫోన్ చేశాను. పన్నెండేళ్లు ఆమె జూనియర్‌ని నేను.

ఆమె న్యాయనిష్ఠ ఎంతటిదో చెప్పడానికి ఈ చివరి నెల చాలు. హైకోర్టు న్యాయమూర్తి ఒకరి పేరు సుప్రీంకోర్టుకు సిఫారసైంది. మద్దతు పలకాలా, అభ్యంతరం చెప్పాలా అని మా న్యాయవాదుల సంఘం ఆమె అభిప్రాయం కోరింది. మూసారాంబాగ్‌లో ఒక వృద్ధురాలి ఇంటి కూల్చివేతను ఆపాలన్న కేసు మేడం ఆయన ఎదుటే ఓడిపోయారు; ఇల్లు కూల్చేశారు. ఆ బాధ ఏళ్ల తరబడి ఆమెను వదల్లేదు. అభ్యంతరమే రాస్తారనుకున్నాం.

"ఆయన్ని అడక్కుండా ఎలా రాస్తానే?" అన్నారు.

నియామకానికి ముందు న్యాయమూర్తిని బహిరంగంగా ప్రశ్నించే ఆనవాయితీ మనకు లేదు. అందుకని దిల్‌సుఖ్‌నగర్ ఆఫీసులో తన ఎదుట ఖాళీ కుర్చీ వేయించారు. రోజూ మధ్యాహ్నం ఆమె ప్రశ్నించేవారు. నేను ఆయన తీర్పుల్లోంచి జవాబు వెతికి చదివేదాన్ని.

నాలుగో రోజు ఆ ఇంటి కేసు వచ్చింది.

"కూల్చకముందు ఆ ముసలమ్మ మాట ఎందుకు వినలేదండీ?"

కాగితాలన్నీ తిరగేశాను. "జవాబు లేదు మేడం."

కిటికీ అవతల మెట్రో రైలు వెళ్లింది. గది సన్నగా అదిరింది. ఆమె కుర్చీ వైపు కాస్త వంగి, ఎవరో చెబుతుంటే విన్నట్టు తలాడిస్తూ రాసుకున్నారు.

"ఏం రాసిన్రు మేడం?"

"ఆయన చెప్పింది."

కాగితం మీద ఇలా ఉంది: 'ఆ రోజు తొందరపడ్డాను. ఆమె మాట వినాల్సింది.'

వారం తర్వాత ఒక న్యాయ కళాశాల సభలో ఆ న్యాయమూర్తి ప్రసంగం మధ్యలో ఆగిపోయారు. ఒక ఇంటి కేసు తనను వెంటాడుతోందన్నారు. ఆపైన అవే రెండు వాక్యాలు. నేనూ ఆ సభలోనే ఉన్నాను. బయటికొచ్చి ఫోన్ చేశాను.

"మేడం, గదే మాట అన్నడు! మీకెట్ల తెల్సింది?"

"నువ్వూ ఆ గదిలోనే ఉన్నావు కదే," అన్నారు, ఆశ్చర్యపోతూ.

ఆ సాయంత్రం మద్దతు లేఖ రాసి సంతకం చేశారు. "నన్ను ఓడించాడని వద్దంటే, ఆయన తీర్పు కంటే నాది అన్యాయమవుతుంది," అన్నారు. మర్నాడు ఉదయం ఆమె లేరు. శుక్రవారం ఆయన నియామకం ఖరారైంది.

ఆ ధర్మమూర్తికి నా అశ్రునివాళి. నిన్న సంఘంవారు ఇంకొక పేరు పంపి, నన్ను అభిప్రాయం అడిగారు. ఆ మనిషి మీద నాకున్న కోపమే ముందు మాట్లాడింది. కలం మూసి, ఆ ఖాళీ కుర్చీ ఎదుట చాలాసేపు చెవి ఒగ్గి కూర్చున్నాను. మేడం, నాకింకే గొంతూ వినిపించలేదు.